ఎండకు బండ పగులుతుందా? నెర్రె ఎట్లా పెరుగుతుంది, ఎట్లా కొలవాలి

మడికొండ మెట్టుగుట్ట, హన్మకొండ పద్మాక్షి గుట్ట, కాజీపేట చుట్టుపక్కల గుండ్లు. వరంగల్ దిక్కు ఎటు చూసినా గ్రానైటే. మే నెల మధ్యాహ్నం ముదురు రంగు బండ పైపొర 60 డిగ్రీలు దాటడం మామూలు విషయం. తెల్లారేసరికి అదే పొర 30 దగ్గరికి దిగుతుంది. గుట్ట కింద ఇల్లు కట్టుకున్నవాళ్ళు, పొలంలో గుండు ఉన్నవాళ్ళు, గుడి చుట్టూ ప్రాకారం చూసుకునేవాళ్ళు అడిగేది ఒకటే: ఈ ఎండకు బండ పగులుతుందా?

నెర్రె లేని గట్టి బండను ఒక్క ఎండాకాలం ఎండ పగలగొట్టలేదు. బండలో ముందే ఉన్న సన్నని నెర్రె మాత్రం ఎండకు, తడికి, రాయి సొంత బరువుకు కలిపి ఏళ్ళ తరబడి సాగుతూ పోతుంది. వేడి చేసే అసలు పని ఆ సాగుడుకు వేగం పెంచడం. ఇది అర్థమైతే ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో కొంత తెలుస్తుంది.

ముందు రాయి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గ్రానైట్‌లో ప్రధానంగా మూడు ఖనిజాలు ఉంటాయి: పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం. మొత్తంగా చూస్తే మీటరు పొడవు గ్రానైట్ ఒక డిగ్రీ వేడికి సుమారు 0.008 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 30 డిగ్రీలకు పావు మిల్లీమీటరు. ఇది చిన్న సంగతే. చిక్కంతా ఈ ఖనిజాల గింజల దగ్గర వస్తుంది. పలుగురాయి గింజ ఘనపరిమాణం ఫెల్డ్‌స్పార్ కంటే రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. అదీ అన్ని దిక్కులా సమానంగా పెరగదు; స్ఫటికం నిలువు అక్షం వెంట ఎంత పెరుగుతుందో అడ్డంగా దాదాపు దానికి రెట్టింపు పెరుగుతుంది. పక్కపక్కనే అతుక్కుని ఉన్న రెండు గింజలు వేర్వేరుగా ఉబ్బితే అతుకు మీద లాగుడు పడుతుంది. నెమ్మదిగా, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా వేడిచేసినా చాలా గ్రానైట్లలో 60 నుంచి 80 డిగ్రీల మధ్యే ఈ గింజల అంచుల్లో కంటికి కనపడని పగుళ్ళు మొదలవుతాయి. మన మే నెల బండ వేడి ఆ అంచుకు చాలా దగ్గరగా వెళ్ళి వస్తుంది.

ఇందులో ఒక ఊరట ఉంది. ఒకసారి 65 డిగ్రీలు చూసిన రాయిని మళ్ళీ 65 వరకే వేడిచేస్తే గింజల మధ్య కొత్త పగుళ్ళు దాదాపు రావు. అంతకుముందు చూసిన గరిష్ఠ వేడిని దాటితేనే మళ్ళీ చిటపటలు మొదలవుతాయి. లక్షల ఎండాకాలాలు చూసిన గుట్ట పైపొర ఆ పాఠం ఎప్పుడో అయిపోగొట్టింది. అందుకే కొత్తగా క్వారీలోంచి తీసిన రాయి మొదటి వేసవిలో ప్రవర్తించే తీరు వేరు, గుట్ట మీది పాతబండ ప్రవర్తించే తీరు వేరు.

గింజల సంగతి వదిలి మొత్తం బండను చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. రోజు సగటు నుంచి పైపొర పగలు 15 డిగ్రీలు పైకి, రాత్రి 15 డిగ్రీలు కిందికి పోతుందనుకుందాం. పక్కలకు కదిలే వీలు లేకపోతే పగలు సుమారు 10 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) నొక్కుడు, రాత్రి అంతే లాగుడు పుడతాయి. గ్రానైట్‌ను లాగితే తట్టుకునే బలం సుమారు 7 నుంచి 15 మెగాపాస్కల్. అంటే కాగితం మీద ప్రతి రాత్రీ బండ తెగే దరిదాపుల్లోకి పోవాలి. నిజానికి అంత పడదు. పైపొరలో ముందే ఉన్న సన్న పగుళ్ళు కొంత తీసుకుంటాయి, వాటివల్ల ఆ పొర బిగువు కూడా తగ్గి ఉంటుంది. కానీ మిగిలేది సున్నా మాత్రం కాదు.

వేడి ఎంత లోతుకు దిగుతుందన్నది ఇంకో లెక్క. రోజువారీ ఎండ ప్రభావం సుమారు 18 సెంటీమీటర్ల లోతుకు మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. ఎండాకాలం, చలికాలం తేడా సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకు అదే లెక్కన దిగుతుంది. కాబట్టి చెయ్యెడు మందం పెచ్చుకు ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. రెండు మీటర్ల మందం పలకకు రోజు ఎండ పెద్దగా పట్టదు, ఏడాది తిరుగుడే పడుతుంది.

ఎండ ఒక్కటే చాలదన్నదానికి పాత ప్రయోగం ఒకటి ఇప్పటికీ చూడదగ్గది. 1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త మెరుగుపెట్టిన గ్రానైట్ ముక్కను 32 నుంచి 142 డిగ్రీల వరకు వేడిచేసి చల్లార్చడం 89,400 సార్లు చేశాడు. రోజుకో ఎండ చొప్పున లెక్కేస్తే 244 ఏళ్ళ పైచిలుకు. పొడిగాలితో చల్లార్చినంత కాలం రాయిలో కంటికి కనపడే మార్పేమీ రాలేదు. తర్వాత చల్లార్చడానికి నీళ్ళు చల్లాడు. పది రోజులు, అంటే రెండున్నర ఏళ్ళ ఎండతో సమానం. మెరుగు పోయింది, పైపొరలో పెచ్చులేచే సూచనలు వచ్చాయి. ఆ ముక్క చిన్నది, అన్ని వైపులా కదలడానికి స్వేచ్ఛ ఉన్నది. కాబట్టి గుట్టకు దాన్ని అట్లాగే అన్వయించలేం. కానీ నీళ్ళు లేని వేడికీ నీళ్ళున్న వేడికీ ఎంత తేడా ఉందో అంత సూటిగా చూపిన ప్రయోగం ఇంకోటి దొరకడం కష్టం.

నీళ్ళు ఏం చేస్తాయి? నెర్రె చివర, అంటే రాయి ఇంకా తెగని ఆ మొనలో, సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య బంధాలు బాగా లాగబడి ఉంటాయి. అట్లా సాగి ఉన్న బంధాన్ని నీటి అణువు తేలిగ్గా తెంచుతుంది. ఒకటి తెగాక పక్కది. ఇట్లా రాయి తెగే బలం కంటే చాలా తక్కువ లాగుడు ఉన్నా నెర్రె మెల్లగా ముందుకు పోతూనే ఉంటుంది. వాన నీళ్ళే ఉండాలని లేదు, గాలిలో తేమ చాలు. ఇది రసాయన చర్య కాబట్టి వేడికి వేగం పెరుగుతుంది. చర్యకు కావలసిన శక్తిని మోలుకు 50 కిలోజౌళ్ళు అనుకుంటే, 25 డిగ్రీల నుంచి 45కు వెళ్ళేసరికి వేగం మూడున్నర రెట్లవుతుంది.

లాగుడు లెక్క ఇంకా ఘాటుగా ఉంటుంది. గ్రానైట్‌లో నెర్రె వేగం లాగుడు తీవ్రతకు 30వ ఘాతం లాంటి దానితో పెరుగుతుంది. లాగుడు పది శాతం పెరిగితే వేగం 17 రెట్లు! అందుకే వేడి రెండు దారుల్లో పని చేస్తుందని చూడాలి. తిన్నగా చర్యను వేగిరపరుస్తుంది. రాయిని ఉబ్బించి, వంచి నెర్రె మొన మీద లాగుడు పెంచుతుంది. ఈ రెండోది చాలా బలమైనది. చాలామంది థర్మామీటర్ వైపే చూస్తారు. చూడాల్సింది ఆ వేడికి పలక ఎటు వంగుతుందన్నది.

ఈ వంగడం ఎంతుంటుందో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం యోసెమిటీలో బ్రయన్ కాలిన్స్, గ్రెగ్ స్టాక్ అనే శాస్త్రవేత్తలు కొలిచి 2016లో ప్రచురించారు. 19 మీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక. పైన, కింద గుట్టకు అతుక్కుని ఉంది, నడుమ విడి. పగటి వేడికి అది దాదాపు ఒక సెంటీమీటరు దాకా బయటికి ఉబ్బి, రాత్రికి వెనక్కి వచ్చేది. పొడవుగా, పలచగా ఉండి రెండు చివరలా బిగుసుకున్న పలక పొడవు పెరిగే దారి లేక బయటికి విల్లులా వంగుతుంది. ప్రతి వంగుడూ అతుకు మొనలను లాగుతుంది. కాలిఫోర్నియాలోనే ట్వెయిన్ హార్ట్ అనే ఊళ్ళో 2014 ఆగస్టులో, వాన లేదు భూకంపం లేదు, ఎండాకాలం నట్టనడుమ గ్రానైట్ గుట్ట పైపొర పెద్ద చప్పుడుతో లేచిపోయింది. అమెరికాలోనే నార్త్ కరోలినాలో శాస్త్రవేత్త మార్తా కేరీ ఎప్స్ బృందం ఒక గుండుకు శబ్దాలు పట్టే పరికరాలు అతికించి వింటే, పగుళ్ళ చప్పుళ్ళు పొద్దుగూకే వేళ, వాతావరణం ఒక్కసారిగా మారినప్పుడు గుంపుగా వచ్చాయి.

మన దగ్గర దీన్ని అన్వయిస్తే జాగ్రత్త పడాల్సిన సమయాలు రెండు. మే నెలాఖరు సాయంత్రాలు ఒకటి. వడగాడ్పుల మధ్య వచ్చే మొదటి వాన రెండోది. 60 డిగ్రీల బండ మీద వాన పడితే పైనున్న కొద్ది మిల్లీమీటర్లు నిమిషాల్లో 30 డిగ్రీలు చల్లబడతాయి, లోపల వేడిగానే ఉంటుంది. పైపొర మీద లాగుడు, దానికి తోడు నెర్రెలోకి దిగిన నీళ్ళు. ఆ వాన పడుతున్నప్పుడూ, తర్వాత కొన్ని గంటలూ వేలాడే పలకల కింద మేకలు, మనుషులు నిలబడకుండా చూడాలి. తలదాచుకోవడానికి అందరూ సరిగ్గా అక్కడికే పోతారు.

పగలకుండా రాయి మెత్తగా సాగడం అనే ఇంకో సంగతి కూడా ఉంది, కానీ అది మన కాళ్ళ కింద చాలా లోతున జరిగేది. పలుగురాయి సుమారు 300 డిగ్రీల దగ్గర, ఫెల్డ్‌స్పార్ 450–500 దగ్గర పగలడం మాని సాగడం మొదలుపెడతాయి. కిలోమీటరుకు 25–30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే పది కిలోమీటర్ల అడుగు మాట. కరీంనగర్ దిక్కు నైస్ రాళ్ళలో తెలుపు, నలుపు చారలు మెలికలు తిరిగి ఉంటాయి. ఒకప్పుడు అంత లోతున, అంత వేడిలో సాగిన గుర్తులు అవి. గుట్ట మీద 60 డిగ్రీలకు గ్రానైట్ గింజ సాగదు. పైన మనం చూసే నెమ్మది కదలిక అంతా సన్న పగుళ్ళు ఒకటొకటిగా పెరగడం వల్ల వచ్చేదే.

మంట వేడి సంగతి వేరు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటిక నిర్మాణమే మారుతుంది. మామూలు వేడి నుంచి అక్కడికి చేరేసరికి దాని ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరిగి ఉంటుంది. గ్రానైట్ బలం అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఫ్లేమ్ ఫినిష్ ఇచ్చేది దీన్ని ఆధారం చేసుకునే. ఆక్సిజన్, ఎల్‌పీజీ మంటను పలక మీద ఏటవాలుగా ఆపకుండా నడిపిస్తే పైగింజలు చిట్లి లేచి, జారని గరుకు మిగులుతుంది. పలక మందం కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి, 30 ఉంటే మేలు. మంట ఒకేచోట నిలిపితే గుంతలు పడతాయి, గింజలు కరిగి గాజులా మెరుస్తాయి. రెజిన్ పట్టించిన పలకకు మంట పెడితే రెజిన్ మాడి పచ్చబడుతుంది. నల్ల గ్రానైట్ అని అమ్మే డోలరైట్ రకాల్లో పలుగురాయి చాలా తక్కువ కాబట్టి పెచ్చులు సరిగ్గా లేవవు. తాండూరు బండ సున్నపురాయి, దానికి ఈ పని అసలే పెట్టొద్దు. మంట తగిలిన ముఖం కింద కొన్ని మిల్లీమీటర్ల దాకా సన్న పగుళ్ళు మిగిలిపోతాయని, ఆ రాయి నీళ్ళు ఎక్కువ పీలుస్తుందని మేస్త్రీకి చెప్పి ఉంచండి.

ఇంటి పనికి ఒకటి రెండు మాటలు. ఆరుబయట పది మీటర్ల గ్రానైట్ పరుపు 35 డిగ్రీల తేడాకు 2.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు, మూడు నాలుగు మీటర్లకోసారి, గోడ అంచున మెత్తని సీలెంట్ నింపిన వెడల్పాటి సందు వదలాలి. అన్నీ సిమెంటుతో బిగిస్తే మే నెలలో నడుమ పలకలు పైకి లేస్తాయి. వంటింటి గట్టు మీద పొయ్యి కోసం కోసిన రంధ్రం మూలలు సూటిగా కాకుండా పది మిల్లీమీటర్ల గుండ్రంతో కోయించండి. గట్టు పగిలితే ఎక్కువగా ఆ మూలలోంచే మొదలవుతుంది.

ల్యాబ్‌లో గ్రానైట్‌ను వేడిచేసి పరీక్షించే విద్యార్థులకు ఒక హెచ్చరిక. 54 మిల్లీమీటర్ల వ్యాసం కోర్‌ను (డ్రిల్లుతో తీసిన గుండ్రటి రాయి ముక్కను) నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడిచేస్తే నడుముకూ అంచుకూ తేడా సుమారు రెండున్నర డిగ్రీలు. నిమిషానికి పది డిగ్రీలు పెడితే 25 డిగ్రీలు. అప్పుడు మీరు కొలిచేది గింజల మధ్య పగుళ్ళను కాదు, కొలిమి తొందరను. వేడి పెరిగేకొద్దీ రాయి వేడిని పంచే వేగం సగానికి పడిపోతుంది కాబట్టి 500 దాటాక తేడా ఇంకా పెరుగుతుంది. చల్లార్చడం కూడా అదే నిదానంతో కొలిమిలోనే జరగాలి. పరీక్షకు ముందు నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. అక్కడే పగుళ్ళు మొదలైపోతాయి. 40–60 డిగ్రీల మధ్య ఎక్కువ రోజులు ఆరబెట్టండి. ముందూ వెనకా శబ్దతరంగ వేగం కొలవకపోతే ఫలితానికి ఆధారం ఉండదు.

ఇక గుట్ట మీది నెర్రెను కొలవడం. నెర్రె మీద గాజు ముక్కో, సిమెంటు పట్టీయో పెట్టి అది పగిలితే ప్రమాదం అనుకోవడం పాత పద్ధతి. రోజువారీ ఎండ కదలికకే ఆ గాజు పగులుతుంది, కాబట్టి దానివల్ల ఏమీ తేలదు.

నెర్రెకు రెండు పక్కలా 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు బిగించండి. 10 మిల్లీమీటర్ల బిట్‌తో 40 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేసి, దుమ్ము పూర్తిగా ఊదేసి, ఎపాక్సీతో నిలపాలి. నెర్రె అంచు నుంచి కనీసం 50 మిల్లీమీటర్ల దూరం ఉంచండి. తట్టితే డొల్లగా మోగే చోట వేయొద్దు, అది వదులు పెచ్చు. ఒక పక్క ఒకటి, రెండో పక్క రెండు వేసి త్రికోణం చేస్తే నెర్రె తెరుచుకోవడమే కాక జారడం కూడా తెలుస్తుంది. కొంచెం దూరంలో నెర్రె లేని బండ మీద 100 మిల్లీమీటర్ల దూరంతో ఇంకో జత వేయండి. ఇది తప్పక ఉండాలి. పరికరం తప్పు, మనిషి తప్పు ఈ జతలోనే బయటపడతాయి.

0.02 మిల్లీమీటర్లు చూపే వెర్నియర్ కాలిపర్ చాలు. దాన్ని నీడలో ఉంచాలి. 15 డిగ్రీలు వేడెక్కితే 100 మిల్లీమీటర్లకు దాదాపు 0.02 తప్పు చూపిస్తుంది. బండ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌లో ఎమిసివిటీ (రాయి వేడిని వెలువరించే గుణం) 0.95 పెట్టి, మెరిసే రాయి అయితే ఒక నల్ల టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి.

మొదటి వారం రోజుకు రెండుసార్లు: సూర్యోదయానికి ముందు, మధ్యాహ్నం మూడింటికి. పిన్నుల మధ్య 100 మిల్లీమీటర్ల రాయి 30 డిగ్రీలకు తనంత తాను కదిలేది 0.024 మిల్లీమీటర్లే. నెర్రె మీది జత 0.1 దాటి ఊగుతుంటే వెనక పెద్ద పలకే కదులుతోంది. మధ్యాహ్నం నెర్రె మూసుకుంటుంటే అది రెండు పెద్ద ముక్కల మధ్య నెర్రె, రెండు పక్కలా ఉబ్బి దగ్గరవుతున్నాయి. మధ్యాహ్నం తెరుచుకుంటుంటే గుట్ట ముఖానికి సమాంతరంగా ఉన్న పలక బయటికి వంగుతోందని అర్థం. రెండోది ఎక్కువ ప్రమాదకరం.

ఆ తర్వాత వారానికోసారి, తెల్లవారుజామున మాత్రమే. అప్పుడు ఎండ తగలదు, బండ వేడి మెల్లగా మాత్రమే మారుతుంటుంది. మే కొలతను డిసెంబర్ కొలతతో పోల్చొద్దు, మే తో మే పోల్చాలి. ఏడాది తిరిగాక కూడా వెనక్కి రాని కదలికే అసలు పెరుగుదల.

అది ఏటా సమానంగానో, తగ్గుతూనో ఉంటే చూస్తూ ఉండొచ్చు. వారం వారం పెరుగుతుంటే లెక్క మారుతుంది. వారపు వేగాలు 0.10, 0.125, 0.17, 0.25 మిల్లీమీటర్లు అనుకోండి. ఒకటిని వాటితో భాగిస్తే 10, 8, 6కు కాస్త తక్కువ, 4. గ్రాఫ్ కాగితం మీద పెడితే వారానికి రెండు చొప్పున దిగే గీత వస్తుంది, ఇంకో రెండు వారాల్లో సున్నాను తాకుతుంది. కూలే సమయం ఆ చుట్టుపక్కలే. తేదీ పట్టుకుని కూర్చోవద్దు, ఒక వాన ఆ గీతను ముందుకు జరపగలదు. గీత దిగుతోందని తేలిన రోజే కింద ఉన్నవాళ్ళను పక్కకు తప్పించి, తహసీల్దార్‌కు, గనులు భూగర్భ శాఖకు కొలతల కాగితంతో సహా తెలపాలి.

చాలామంది చేసే పని నెర్రెలో సిమెంటు కాంక్రీటు పోయడం. నెర్రె తెరుచుకున్న వేళ పోస్తే, మళ్ళీ మూసుకునేటప్పుడు గట్టి సిమెంటు చీలలా అడ్డుపడి, నెర్రె మొన మీద లాగుడు వదలకుండా నిలిపేస్తుంది. లోపలికి జారిపడే కంకర కూడా ఇదే పని చేస్తుంది: తెరుచుకున్నప్పుడు ఒక మెట్టు కిందికి దిగి బిగుసుకుంటుంది, మూసుకోనివ్వదు, మర్నాడు ఇంకో మెట్టు. అందుకని ముందు నెర్రె నోట్లోని మట్టి, కంకర, రావి మొలకలు చేతికి అందినంత తీసేయండి, పలక కింద నిలబడకుండా. పైనుంచి వచ్చే నీళ్ళను నెర్రెకు ఒక మీటరు ఎగువనే చిన్న కట్టతో పక్కకు మళ్ళించండి. పై నోటికి సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంట్ పెట్టండి, కింది నోరు మాత్రం తెరిచే ఉంచండి. లోపలికి చేరిన తడి పోవడానికి దారి అదొక్కటే.